బావ వెళ్లిన వైపు

"వస్తా, ఇక్కడే ఉండు" అని మునగబోతూ బావ అన్న మాట ఇంకా ఈ రాతి కప్పు కిందే ఎక్కడో తిరుగుతున్నట్టుంది ప్రేమ్‌చంద్‌కి. ఇక్కడే ఉండక ఎక్కడికి పోతాడు. ఛాతీ దాకా నీళ్లు, కాళ్ల కింద చాపంత రాతి తిన్నె, చెయ్యెత్తితే తగిలే సున్నపురాయి, ఆ రాయికీ నీళ్లకీ మధ్య చిక్కుకుపోయిన కాసింత గాలి, ఆ గాలిలో తను. ఎడమచేతికి చుట్టుకున్న నైలాన్ తాడు నీళ్లలోకి దిగి, ఇరుకు సందులోంచి దూరి, అవతల బిలం మొదట్లో బావతో వచ్చిన ఈతగాడు హయాత్ కూర్చున్న ఒడ్డు దాకా పోతుంది. ఆ తాడే దారి. టార్చి ఆపుకో, నా చప్పుడు విన్నాక వేసుకో అన్నాడు బావ. ఆపాడు. భయమేసి ఒక్కసారి వేసుకుందామంటే వెలగలేదు, నీళ్లు చేరినట్టున్నాయి. పొదిలి చుట్టుపక్కల ఊళ్లన్నిటి మోటార్లూ విప్పి రాగితీగె చుట్టి బిగించిన చేతులు ఇవి, ఒక్క టార్చిని వెలిగించలేక తడుముకుంటున్నాయి. కళ్లు తెరిచినా మూసినా ఒకటే. కాసేపటికి తెరిచున్నాయో మూసున్నాయో తెలియక వేలుపెట్టి రెప్పల్ని తాకి చూసుకున్నాడు. తెరిచే ఉన్నాయి.

ఎక్కడో నీటిబొట్టు పడుతోంది. పడి, ఊరుకుని, మళ్లీ పడుతోంది. ఇన్ని నీళ్లు ఇక్కడున్నాయని పైన ఎవరికి తెలుసు. పైన వరసగా రెండో ఏడూ వానల్లేవు, సాగర్ కాలవలో పిల్లలు క్రికెట్టాడుతున్నారు, పల్నాడు మెరకల్లో మిరప తోటలు పూతమీదే మాడిపోయాయి, పత్తి మోకాలెత్తున నిలబడిపోయింది. వేసిన బోర్లన్నిటిలోనూ రాతిపిండే. అందుకే ఈ ఊరి పెద్ద జక్రయ్య వెతుక్కుంటూ పొదిలి దాకా వచ్చి షాపు ముందు బెంచీమీద కూర్చుని, మా గబ్బిలాల బిలంలో ఎండాకాలం కూడా మడుగు తగ్గదయ్యా, లోపల ఎంత నీరుందో, ఎంత దూరముందో ఎవరన్నా మునిగి చూసొస్తే మోటారు పెట్టుకుని ఊరు బతికిపోతాం అన్నాడు. బావ కృష్ణ అప్పుడు షాపులోనే ఉన్నాడు. జక్రయ్య చెప్పేది వింటూ వింటూ అతని కళ్లు వెలిగాయి. విశాఖ రేవులో ఓడల అడుగున మునిగి నాచు గీకి బతికిన మనిషి, ఆ పని మానేసి వచ్చాక బావుల్లో పడ్డ మోటార్లు తీస్తున్నాడు, క్వారీ గుంటల్లో పడ్డ మనుషుల్ని తీస్తున్నాడు, ఒక్కోసారి ఏమీ తీయాల్సిన పని లేకపోయినా దిగుతున్నాడు. "వస్తావురా బావమరిదీ? ఇట్టాంటి నీళ్లు నువ్వెప్పుడూ చూసుండవు" అన్నాడు. ప్రేమ్‌చంద్ వస్తానన్నాడు. మునగడం నేర్చుకుని మూణ్ణెల్లయినా కాలేదు. క్వారీ గుంటలో మునిగాడు, తాడేపల్లి దగ్గర కృష్ణానదిలో మునిగాడు, ఎటు చూసినా పైన ఆకాశం ఉన్న నీళ్లు అవన్నీ, భయమేస్తే పైకి లేస్తే సరిపోయేది. ఇక్కడ పైకి లేస్తే రాయి.

అయినా మొదట్లో ఎంత బాగుంది. గబ్బిలాల కంపు దాటి, మెట్లలాంటి బండలు దిగి, మడుగులో మునగ్గానే గాజులాంటి నీళ్లు, టార్చి వెలుగులో తెల్లగా మెరిసే గోడలు, కళ్లులేని తెల్ల రొయ్యపిల్లలు, ముందు బావ కాళ్ల రబ్బరు రెక్కలు మెల్లగా ఊగుతూ. తనకి నవ్వొచ్చింది నీళ్లలో. తర్వాత ఇరుకు సందు. ఒకడి వెనక ఒకడే పట్టే సందు, పొట్ట కింద రాయి, వీపున సిలిండర్ పైన రాయి. బావ పాములా జారిపోయాడు. తను కాలు ఝాడించాడు, అదే తప్పు, ఏ కాలం నుంచి పేరుకుందో ఆ ఒండ్రు, పాలలో డికాక్షన్ పోసినట్టు లేచింది, వెలుగు పోయింది. వీపున ఏదో రాసుకుని టక్కుమంది, చెవి పక్క బుసబుసమని బుడగలు. గొట్టం చిట్లింది. అప్పుడు పీల్చాడు చూడు, కుక్కలా, రొప్పుతూ, ఉన్న గాలంతా అప్పుడే తాగేశాడు. ఒక చెయ్యి వచ్చి మెడపట్టీ పట్టుకుని లాగింది, లాగి, ఈ గాలి ఉన్న చోటుకి తేల్చింది.

ఇద్దరూ కప్పుకి మొహాలు ఆనించి దగ్గారు. బావ టార్చి వేసి ప్రేమ్‌చంద్ గాలి మీటరు చూశాడు. ముల్లు అడుగున పడుంది. తనది చూసుకున్నాడు.

"ఇద్దరం కలిసి పీల్చుకుంటూ పోదాం బావా."

"ఆ సందులో ఎట్టా రా? పక్కపక్కన పట్టం. నాదాంట్లో ఒక్కడు బయటపడేంత ఉంది."

"మరి?"

"నేను పోయి ఇంకోటి తెస్తా. ఒడ్డున ఉన్నాయిగా. నువ్వు కదలకుండా కూర్చో, మాట్లాడకు, ఏడవకు, గాలి దండగ."

నేనే పోతా, నాకివ్వు నీది, అని ప్రేమ్‌చంద్ నోటిదాకా వచ్చింది. అనలేదు. అనకపోవడానికి కారణం మంచితనం కాదు, ఆ సందులోకి ఒంటరిగా మళ్లీ దూరే ధైర్యం లేక. బావకి తెలుసేమో. టార్చి వెలుగు మొహం మీద పడుతుంటే బావ అతన్ని ఒక్క క్షణం తేరిపార చూశాడు. ఆ చూపు ఏమిటి. ఇప్పుడు ఈ చీకట్లో ఆ చూపునే తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు ప్రేమ్‌చంద్. జాలా. చులకనా. లేక ఇన్నాళ్లకి దొరికావురా అనా.

ఎందుకంటే ఆ చెంపదెబ్బ ఉంది ఇద్దరి మధ్యా. ఎప్పుడూ ఉంది. అన్నం తినేటప్పుడు ఉంది, క్వారీ గుంట ఒడ్డున బట్టలు మార్చుకునేటప్పుడు ఉంది, బావ భుజమ్మీద చెయ్యేసినప్పుడు ఆ చేతి కింద ఉంది. ఒంగోలు ఆసుపత్రి వరండా, ఎండ, ఫినాయిలు వాసన, లోపల మంచంమీద అక్క నాగజ్యోతి గోడవైపు తిరిగి పడుకునుంది, ఏడవటం కూడా మానేసి. పుట్టినపిల్ల ఏడవలేదు. ఆడపిల్ల. తెల్ల తువ్వాల్లో చుట్టి ఇస్తే నాన్న బాపయ్య ఒక్కడే తీసుకెళ్లి ఏం చెయ్యాలో చేసొచ్చాడు. బావ రాలేదు. విశాఖ ఎక్స్‌ఛేంజీకి ఫోను చేసి చేసి వేళ్లు నొప్పి పుట్టాయి, రేవులో ఎవరో ఎత్తి, నీళ్లలో ఉన్నాడు, చెప్తాం అన్నారు. ఒక రోజు, ఇంకో రోజు. అంతా అయిపోయాక వచ్చాడు, చేతిలో ఆపిల్ పళ్ల సంచితో, నవ్వుతూ, పాపా బాబా అంటూ. ప్రేమ్‌చంద్‌కి ముందు ఆ పళ్లే కనబడ్డాయి. కొట్టాడు. నలుగురి మధ్య, నాన్న చూస్తుండగా, ఇంటి అల్లుణ్ణి, తనకంటే పెద్దవాణ్ణి. కళ్లజోడు ఎగిరి గోడకి తగిలింది, పళ్లు దొర్లాయి. బావ తిరిగి చెయ్యెత్తలేదు. వంగి, కళ్లజోడు తీసుకుని, తుడుచుకుని పెట్టుకుని, "లోపలికి పోవచ్చా?" అని అడిగాడు. అంతే. ఆ రోజు నుంచి ఇవాళ్టిదాకా ఆ మాట ఎత్తలేదు. ఒక్కసారి తిట్టినా బాగుండేది. తాగి వచ్చి రభస చేసినా బాగుండేది. మాట్లాడనివాడు మర్చిపోయినవాడు కాదు గదా.

తల నొప్పిగా ఉంది. కణతల దగ్గర ఎవరో బొటనవేళ్లతో నొక్కుతున్నట్టు. గాలి చెడుతోంది కాబోలు. తను వదిలింది తనే పీల్చుకుంటున్నాడు, మళ్లీ వదిలింది మళ్లీ. నాన్న బావిలో పూడిక తీయించేముందు తాడుకి లాంతరు కట్టి దింపేవాడు. వెలుగుతూ దిగిందా సరే, ఆరిందా, ఎవర్నీ దిగనిచ్చేవాడు కాదు. తను ఒడ్డున బోర్లా పడుకుని చూసేవాడు, చిన్న పసుపు మినుకు, కిందికి, ఇంకా కిందికి, బావి గోడల మీది నాచుని పచ్చగా చూపిస్తూ, ఎక్కడో ఒకచోట వంగి, నీలంగా మారి, ఉండదు. ఇప్పుడు తన తలే ఆ లాంతరు. వంగుతోంది. నీలం రంగు కనపడుతోంది నిజంగానే. కళ్ల ముందు నీలంగా, తర్వాత ఎర్రగా, కళ్లం నిండా ఆరబోసిన మిరపకాయల ఎరుపు, అక్క దాంట్లో నడుస్తోంది కాళ్లతో కాయలు తిరగేస్తూ, తుమ్ముతూ, ఒరేయ్ చందూ మంచినీళ్లు తేరా అంటోంది, తను తేవటంలేదు, ఎందుకు తేవటంలేదు, ఇన్ని నీళ్లలో నుంచుని. తిన్నె మీద నుంచి కాలు జారి మూతిలోకి నీళ్లు పోయాయి. దగ్గి నిలబడ్డాడు. నిద్రపోకూడదు. నిద్రపోతే అయిపోయినట్టే.

ఎంతసేపయింది? వెళ్లి, తీసుకుని, రావడానికి ఇంతసేపా? ఈపాటికి రావాలి. ఈపాటికి రెండుసార్లు రావాలి. క్వారీ గుంటలో నేర్పేటప్పుడు ఒకరోజు ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది, పీలిస్తే రబ్బరు మూతికి అతుక్కుంది, కొట్టుకున్నాడు, తిరిగి చూస్తే వెనక బావ, చేత్తో సిలిండర్ కట్టేసి, అద్దం వెనక నుంచి చూస్తూ. కావాల్సిన దానికంటే ఎక్కువసేపు చూశాడు, కచ్చితంగా. తర్వాత తిప్పాడు. ఒడ్డెక్కాక "గాలి ఆగితే ఎట్టా ఉంటదో ఒకసారి తెలియాలి రా" అన్నాడు, నవ్వాడు. ప్రేమ్‌చంద్ కూడా నవ్వాడు అప్పుడు. ఇప్పుడు ఆ నవ్వు లోపల్నుంచి వేరేగా వినిపిస్తోంది. గాలి ఆగితే ఎట్టా ఉంటదో. రమ్మన్నది ఎవరు? బావే. ఇంకా కొంచెం లోపలికి పోదాం అని చేత్తో సైగ చేసింది ఎవరు? బావే. చంపాలని తీసుకురాలేదు, ఛ, అంత మనిషి కాదు. కానీ అవకాశం దానంతటదే వచ్చి ఒళ్లో పడితే? చెయ్యి చెయ్యక్కర్లేదు, కాస్త ఆలస్యం చేస్తే చాలు. ఒడ్డున కూర్చుని తల పట్టుకుంటే చాలు. హయాత్ భుజమ్మీద వాలి ఏడిస్తే చాలు. అక్క నమ్ముతుంది. అక్క అన్నీ నమ్ముతుంది. నాన్న చెట్టంత కొడుకు పోయాడని మంచం పడతాడు, అల్లుడే నీళ్లిస్తాడు.

అప్పుడు చేతిలో తాడు కదిలింది.

ప్రేమ్‌చంద్ ఊపిరి బిగబట్టాడు. రెండుసార్లు లాగితే బాగున్నావా అని, రెండుసార్లు తిరిగి లాగితే బాగున్నా అని, అదీ బావ నేర్పింది. ఇది రెండుసార్లు కాదు. లెక్కా పద్ధతీ లేకుండా గుంజుతోంది, ఆగుతోంది, మళ్లీ గుంజుతోంది, అటూ ఇటూ ఊగుతోంది, చేప గేలం మింగినట్టు. ఏం చేస్తున్నాడు అక్కడ? చుట్టేస్తున్నాడా తాడు? కోస్తున్నాడా? తాడు పోతే దారి పోయినట్టే, శవం కూడా దొరకదు, తాడు తెగింది నేనేం చెయ్యను అనొచ్చు. ఒళ్లంతా మంటెత్తింది, ఆ చన్నీళ్లలో. తిరిగి లాగలేదు. బతికున్నానని చెప్పబుద్ధి కాలేదు. తాడు తన చేతిలోంచి జారిపోకుండా ఇంకో చుట్టు చుట్టి, రాతి కొమ్ముకి కాలు తన్నిపెట్టి బిగించి పట్టుకున్నాడు, లాగురా చూద్దాం, అని పళ్లు కొరుకుతూ. గుంజుడు నిదానించింది. ఒక్క చిన్న అదురు. ఆగిపోయింది. నాదే గెలుపు అనుకున్నాడు. నిజంగా అట్టాగే అనుకున్నాడు, ఆ చీకట్లో ఒక్కడే నవ్వాడు కూడా.

తర్వాత ఏమీ లేదు. బొట్టు పడుతోంది. తల లోపల పెద్ద మోటారు ఒకటి తిరుగుతోంది, బేరింగు పోయిన మోటారు, దాన్ని విప్పాలి, విప్పి ఆరబెట్టాలి, ఎండలో, మిరపకాయల పక్కన. అక్కా ఆ పిల్లకి పేరు పెట్టావా? పెట్టాం రా, ఎవరికీ చెప్పలేదు, మీ బావకీ నాకే తెలుసు. ఎప్పుడు చెప్పింది ఈ మాట? చెప్పిందా? ఆ రాత్రుళ్లు అక్క గదిలోంచి వినపడే గొంతు బావదే గదా, గంటలు గంటలు, సన్నగా, ఏదో చెబుతూ. తను పక్కగదిలో పడుకుని, ఏం మాయమాటలు చెబుతున్నాడో అనుకునేవాడు. అక్క మళ్లీ తలకి నూనె రాసుకోవటం మొదలుపెట్టింది ఆ తర్వాతే. విశాఖ పని మానేసి వచ్చింది కూడా ఆ తర్వాతే. ఎందుకు మానేశావు బావా అని ఎవరూ అడగలేదు. కాళ్లు తెలియటంలేదు. నీళ్లు వెచ్చగా అనిపిస్తున్నాయి. వెచ్చగా ఉంటే మంచిదే.

నీళ్లు చెదిరాయి. మొదట కల అనుకున్నాడు. బుడగలు పగిలిన చప్పుడు, తర్వాత మురికి వెలుగు ఒకటి టీ గ్లాసు అడుగునుంచి చూసినట్టు లేచింది, దాంట్లోంచి తల. అద్దం పైకి తోసుకున్నాడు. నెరిసిన గడ్డం. బావ కాదు, హయాత్. కృష్ణానది ఒడ్డున బ్యారేజీ దగ్గర పుట్టి పెరిగి, జీవితమంతా నీళ్లలో పడ్డవాళ్లని ఒడ్డుకి చేర్చిన మనిషి. రొప్పుతున్నాడు.

"చందు బాబూ. ఉన్నారా. అల్లా."

"బావేడి?"

హయాత్ చంకలో ఉన్న సిలిండర్ ముందుకి తోసి, మౌత్‌పీస్ అతని పళ్ల మధ్య పెట్టి, "ముందు పీల్చండి" అన్నాడు. ప్రేమ్‌చంద్ పీల్చాడు. చల్లటి, పొడి గాలి. తలలో మోటారు మెల్లగా ఆగింది. కళ్లలోంచి నీళ్లు కారాయి వాటంతటవే.

"బావేడి హయాత్ బాయ్?"

"దారిలో ఉన్నారు." టార్చి కిందికి దించాడు, మొహం కనపడకుండా. "సందులో. ఆ రాయి వదల్లేదు ఆయన్ని, నా వల్ల కాలేదు. కొంచెం పక్కకి నొక్కి మీకు చోటు చేసొచ్చా. ఒండ్రు లేచిపోయింది, ఏమీ కనపడదు. నేను ముందు పోతా. మీరు తాడు పట్టుకుని వెనకే రండి. ఏం తగిలినా తాడు వదలొద్దు. ఏం తగిలినా. విన్నారా?"

పోయాడా. బయటికి పోతూ ఇరుక్కుని పోయాడా. మునుగుతుంటే ప్రేమ్‌చంద్ మనసులో ఏడుపు లేదు, పొగమంచులాంటిదేదో ఉంది, ఆ మంచులో సిగ్గుపడాల్సిన తేలిక కూడా ఒకటుంది: అయితే నన్ను వదిలేసి ఒడ్డున కూర్చోలేదు, వదిలేసి పోబోతూ పోయాడు. అంతే తేడా. కళ్ల ముందు గోధుమరంగు మడ్డి. చేతిలో తాడు. ఒక పిడికిలి, దాని ముందు ఇంకో పిడికిలి. నెమ్మదిగా పీల్చు, నెమ్మదిగా వదులు, ఎవరి గొంతు ఇది, బావదే, క్వారీ గుంట ఒడ్డున. పొట్ట రాయికి తగిలింది. సందు మొదలయింది. ఇక ఇప్పుడు తగులుతాడు. కాళ్లు తగులుతాయి ముందు, బయటివైపు తలపెట్టి పోతున్నవాడి కాళ్లు వెనకే ఉంటాయి గదా, రబ్బరు రెక్కలు తగులుతాయి, వాటి పక్కగా జారిపోవాలి, పట్టించుకోకుండా జారిపోవాలి. ఒళ్లు కుంచించుకుని సిద్ధంగా ఉన్నాడు ఆ రబ్బరు కోసం.

చేతికి చెయ్యి తగిలింది.

తాడుని పట్టుకున్న చెయ్యి. వేళ్లు బిగిసి ఉన్నాయి, వేలికి ఉంగరం, అక్క వేలి ఉంగరానికి జత. ప్రేమ్‌చంద్‌కి అర్థం కాలేదు. ఇంకొంచెం జరిగితే చెంపకి జుట్టు తగిలింది, నీళ్లలో మెత్తగా ఊగుతూ. తర్వాత అద్దం, అద్దం కింద మొహం. తల ఇటుంది. కాళ్లు అటున్నాయి. ఆ మడ్డినీళ్లలో కళ్లు మూసుకుని రెండో చేత్తో మళ్లీ తడిమాడు, మెడ, భుజం, వీపున సిలిండర్, మళ్లీ మొహం. తలే ఇటుంది. బావ బయటికి పోవటంలేదు. లోపలికి వస్తున్నాడు. తన వైపు వస్తున్నాడు.

అయితే ఆ గుంజుడు. తాడు ఊగిపోయినప్పుడు. తను రాతికి కాలు తన్నిపెట్టి బిగించి, తిరిగి లాగకుండా, నవ్వుకుంటూ ఉన్నప్పుడు.

ముందు నుంచి హయాత్ తాడు లాగాడు, రెండుసార్లు. కదలాలి. ముందుకు పోవాలంటే బావ పిడికిలి దాటాలి. అది దాటాలంటే తాడుని ఒక్క క్షణం వదిలి ఆ పక్క పట్టుకోవాలి. ఏం తగిలినా వదలొద్దన్నాడు హయాత్. ప్రేమ్‌చంద్ వదల్లేదు. తన చేతిని బావ చేతిమీదుగా జరిపాడు, వేళ్ల మీదుగా, ఉంగరం మీదుగా, మణికట్టు దగ్గర ఒక్కసారి గట్టిగా పట్టుకుని, అవతల తాడు అందుకున్నాడు. భుజం భుజానికి రాసుకుంది. సందు దాటేంతసేపూ మౌత్‌పీస్‌ని పళ్లతో కొరికి పట్టుకున్నాడు, అరుపు బయటికి రాకుండా.

మడుగు ఒడ్డున హయాత్ అతన్ని బండమీదికి లాగి పడుకోబెట్టాడు. పైన ఎక్కడో పగటి వెలుగు, గబ్బిలాల కిచకిచ. ప్రేమ్‌చంద్ మౌత్‌పీస్ ఉమ్మేసి హయాత్ వైపు తిరిగాడు.

"బయటికొచ్చాడా బావ?"

"వచ్చారు. ఇక్కడే, ఈ బండమీదే చెయ్యేసి నిలబడ్డారు. నేను పోతానన్నా. మీరు అలసిపోయారు కృష్ణ బాబూ, నేను పోతానని చెయ్యి పట్టుకున్నా." హయాత్ గడ్డం తుడుచుకున్నాడు. "వద్దు, చీకట్లో వాడు బెదిరిపోయుంటాడు, నా గొంతయితే గుర్తుపడతాడు అన్నారు. తన సిలిండర్ మార్చుకోలేదు, ఆలస్యమవుతుందని. ఒకటి చంకలో పెట్టుకుని మునిగారు. తాడు ఊగి ఊగి ఆగితే నేను దిగాను. సందులో ఆ సిలిండర్‌ని తనకంటే ముందు మీ వైపు తోసేసి ఉన్నారు. మీరిప్పుడు పీల్చుకొచ్చింది అదే."

బిలం మూతి దగ్గర ఎండలో ఊరు ఊరంతా నిలబడుంది. ఇద్దరే రావటం చూసి ఎవరూ నీళ్ల మాట ఎత్తలేదు. జక్రయ్య తన కండువా తీసి ప్రేమ్‌చంద్ భుజాల మీద కప్పి, చెయ్యి పట్టుకుని ఊళ్లోకి నడిపించాడు, ఫోనున్న కిరాణాకొట్టు దాకా. నేను చెప్పనా అని హయాత్ అడిగాడు. వద్దు, నేనే చెప్తా అన్నాడు ప్రేమ్‌చంద్. ఎట్టా చెప్పాలో నడుస్తూ కూర్చుకున్నాడు. మొదట్నుంచీ చెప్పాలి. జరిగింది జరిగినట్టు, బావ ఏం చేశాడో ఒక్క ముక్క పోకుండా చెప్పాలి. వచ్చి, మళ్లీ వెళ్లాడని చెప్పాలి. ముందు అదే చెప్పాలి, ఆ తర్వాతే మిగతాది. నంబరు చెబితే కొట్టాయనే తిప్పిపెట్టాడు.

"హలో, ఎవరూ? చందూ, నువ్వా?" అక్క గొంతు. వెనక షాపులో ఏదో మోటారు తిరుగుతున్న చప్పుడు. "ఏందిరా ఇంతసేపు? పొద్దుట్నుంచీ నా ప్రాణం ప్రాణంలో లేదు."

"అక్కా," అన్నాడు. "బావ బయటికి వచ్చాడక్కా."

"హమ్మయ్య" అంది నాగజ్యోతి. ఫోన్లో ఆమె ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది.

ప్రేమ్‌చంద్ ఫోను రెండు చేతులా పట్టుకుని, తర్వాతి మాట కోసం గాలి పీల్చుకున్నాడు.